డర్బన్‌లో నాలుగు రోజులు

అక్టోబర్ 31

అమ్మకాల టార్గెట్ స్లాబు దాటింది. కంపెనీ ఏరియా మేనేజరు సాయంత్రం షాపుకి ఫోన్ చేసి చెప్పాడట. మా ఆయన వెంటనే నాకు ఫోన్ చేసి ఒకే ముక్క అన్నారు. "డర్బన్."

దక్షిణాఫ్రికాలో సముద్రం ఒడ్డు ఊరు. డిసెంబర్ ఆరున ప్రయాణం, అక్కడ నాలుగు రోజులు, ఇద్దరికి. పురుగుమందుల కంపెనీలు టార్గెట్ అందుకున్న డీలర్లని ఏటా ఇలా తిప్పుతాయి. అద్దంకిలో ఏ మందుల షాపుకి వెళ్ళినా గోడ మీద ఆ ఫొటో కనిపిస్తుంది. ఒకే రంగు టోపీలు, చేతుల్లో బ్యానరు, వెనకాల బ్యాంకాకో దుబాయో. మా గోడ మీద లేదు. ఆయన ప్రతి ఏడూ కొన్ని పెట్టెల తేడాతో ఆగిపోయేవారు.

ఈసారి బూస్టరు గట్టెక్కించింది. పూత నిలవడానికని అమ్మే టానిక్కు. దాని మీద పాయింట్లు రెట్టింపు. మిరప చేలల్లో నల్ల తామర పురుగు ఉధృతంగా ఉంది. రైతు ఒక ఆకు తుంచి తెస్తాడు, ఆయన వెలుతురుకి పెట్టి చూస్తారు, మందులు తీసి బల్ల మీద పెడతారు. చుట్టుపక్కల ఊళ్ళల్లో శ్రీకృష్ణ అనరు, డాక్టరు అంటారు. ఈ వారం రోజుల్లో బల్ల మీదకి వచ్చిన ప్రతి మందుతో పాటు బూస్టరు కూడా వచ్చి ఉంటుంది. ఇది నా ఊహ. చూసింది కాదు.

మేమిద్దరం కలిసి వెళ్ళిన ఆఖరి ప్రయాణం నా మోకాలి స్కానింగుకి గుంటూరు.

జనవరి నుంచి అద్దంకికి రిపోర్టరు, అంటే నేను, ఉండకపోవచ్చని మా పేపరు బ్యూరోలో అన్నారు. "ఉండకపోవచ్చు" అన్నారు. అది వార్త కాదు.

నవంబర్ 2

డర్బన్ గురించి సేకరించినవి.

మన కంటే మూడున్నర గంటలు వెనక. డిసెంబర్ అక్కడ వేసవి, వాన కూడా పడుతుంది. సముద్రం ఇదే, హిందూ మహాసముద్రం. ఊరు తూర్పు ముఖం. కొత్తపట్నంలో లాగే పొద్దు సముద్రంలోంచి వస్తుంది. చెరకు తోటల్లో పనికి వెళ్ళిన తెలుగువాళ్ళ మునిమనవలు అక్కడ ఉన్నారు. మార్కెట్లో మసాలా పొడులు కుప్పలు పోసి అమ్ముతారు. ఒక కారానికి అత్తగారిని మట్టుబెట్టే కారం అని పేరు పెట్టారట.

అది చదివి వినిపిస్తే ఆయన అన్నం ముందు కూర్చుని నవ్వారు. "మన తేజ రకం మిరప కంటే ఘాటు ఉంటదా? ఒక పొట్లం తెద్దాం. మా అమ్మ ఉంటే చూపించేవాణ్ణి."

నాలుగు రోజుల ప్లాను మొదలుపెట్టాను. మొదటి రోజు: మధ్యాహ్నం దిగడం, సాయంత్రం సముద్రం ఒడ్డున నడక. ఒడ్డు వెంట కిలోమీటర్ల కొద్దీ కాలిబాట ఉంది. నా మోకాలికి మధ్యలో బెంచీలు ఉన్నాయో లేదో చూడాలి.

నవంబర్ 4

యలమంద షాపుకి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను, పాస్‌పోర్టు జిరాక్సుల కోసం వెళ్ళాను. ఆయనా యలమందా హైస్కూల్లో ఒకే బెంచీ. కౌలుకి రెండెకరాల మిరప వేశాడు. ఒక మొక్కని వేళ్ళతో సహా పీకి, బండి ముందు పెట్టుకుని తెచ్చాడు. ఆకుల అంచులు మాడి ఉన్నాయి. పూత లేదు.

"ఒరేయ్ కృష్ణా, చూడరా దీని అవతారం. రెండెకరాలూ ఇట్టాగే ఉంది."

ఆయన ఆకు తిప్పి చూశారు. చాలాసేపు చూశారు.

"ఎవరు కొట్టార్రా మందు?"

"నగ్మా. డ్రోనుతో."

"ట్యాంకు కడిగిందా? అంతకుముందు ఎక్కడ కొట్టిందో కనుక్కున్నావా?"

యలమంద మొక్కని బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయాడు.

ఆయన అడిగిన ప్రశ్న సరైనదే. డ్రోన్లతో ఇదే ఇబ్బంది. పొద్దున మొక్కజొన్నలో కలుపు మందు కొట్టి, ట్యాంకు సరిగ్గా కడక్కుండా మిరపలోకి దిగితే మిరప పోతుంది. పోయిన ఏడాది మార్టూరు వైపు ఒక కేసు రాశాను.

నవంబర్ 5

వీసాకి ఫొటోలు దిగాం. ఆయన నవ్వారు. నవ్వకూడదని మళ్ళీ తీశారు.

నవంబర్ 6

యలమంద వాళ్ళ ఊరు వెళ్ళాను. డ్రోన్ని పట్టుకుని అతని పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో పెట్టి తాళం వేశారు. నష్టం సంగతి తేలేదాకా ఇవ్వరట. ఊరి పెద్ద బుల్లయ్య గారూ అదే మాట అన్నారు.

నగ్మాది గుండ్లకమ్మ అవతల ఊరు. ఇరవై ఆరేళ్ళు. మహిళా సంఘం తరఫున శిక్షణ తీసుకుని డ్రోను తెచ్చుకుంది. ఇప్పటికి మూడు మండలాల్లో ఎగరేసింది. బ్యారన్ గుమ్మం ముందు రాయి మీద కూర్చుని ఉంది. పొద్దున్నించీ అక్కడే ఉందట.

ఆ రోజు పొద్దున ఎక్కడ కొట్టావని అడిగాను. మొదట గుర్తులేదంది. రెండోసారి అడిగితే మొక్కజొన్న అంది. కలుపు మందా అంటే అవునంది. ట్యాంకు ఎన్నిసార్లు కడిగావంటే చెప్పడానికి టైము తీసుకుంది.

"ఒక్కసారే తొలిచానండి మేడం. సబ్బు పెట్టలేదు. యలమంద బాబాయి తొందర చేశాడు, ఎండ ముదిరిపోద్దని."

మూడుసార్లు కడగాలి, అందులో ఒకసారి సబ్బు నీళ్ళతో. శిక్షణలో అదే చెప్తారు. తప్పు ఒప్పుకుంది. పెన్ను మూశాను. అప్పుడు ఆ అమ్మాయి, మందు కలిపేటప్పుడు పాలలాగా విరిగిందని ఏదో చెప్పబోయింది. వీసా ఏజెంటు ఫోన్ వచ్చింది. పక్కకి వచ్చి మాట్లాడాను. ఆ తర్వాత బస్సు టైమైంది.

నవంబర్ 7

వార్త పంపాను. శీర్షిక: "డ్రోను ట్యాంకు కడగకపోవడమే కారణమా?" ప్రశ్నార్థకం నేనే పెట్టాను. మండల వ్యవసాయాధికారి "అవకాశం ఉంది" అన్నారు. అదే మాట రాశాను, ఎక్కువ చెయ్యలేదు. ఆకుల ఫొటోలు మిరప శాస్త్రవేత్తకి పంపి ఫోన్ చేశాను, ఎత్తలేదు. పేజీ మూసే టైము.

షాపు పేరు రాయాల్సిన అవసరం రాలేదు.

నవంబర్ 8

జిల్లా పేజీలో పైనే వేశారు. ఆయన పేపరు తెరిచి రైతుల ముందు చదివి వినిపించారని విన్నాను. కత్తిరించి గల్లా పెట్టె పక్కన అంటించారు.

వార్తలో ప్రతి అక్షరం నిజం. రెండుసార్లు చదువుకున్నాను.

రెండో రోజు ప్లాను: పొద్దున అక్వేరియం, మధ్యాహ్నం మసాలాల మార్కెట్టు.

నవంబర్ 10

శాస్త్రవేత్త ఫోన్ చేశారు. ఢిల్లీలో ఉన్నారట, ఫొటోలు ఇవాళే చూశారట. ఇది కలుపు మందు లక్షణం కాదన్నారు. కలుపు మందు తగిలితే ఆకు సన్నబడి మెలికలు తిరుగుతుంది. ఇక్కడ అంచులు కాలాయి, పూత రాలింది. మోతాదు ఎక్కువైనా, పొసగని మందులు కలిపినా ఇలా అవుతుందన్నారు. "డ్రోనుకి నీళ్ళు తక్కువ కదమ్మా, చిక్కగా పడుతుంది. ఏమేం కలిపారో కనుక్కోండి."

కనుక్కోవాలి. తర్వాతి వార్తలో వాడొచ్చు.

నవంబర్ 11

డీలర్ల భార్యలందరినీ ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చారు. మొదటి రోజు అందరూ నీలం చీర, రెండో రోజు పసుపు. గోంగూర పచ్చడి ఎవరు, కందిపొడి ఎవరు, రైస్ కుక్కరు ఎవరు అని పంపకాలు జరుగుతున్నాయి. నాకు నిమ్మకాయ ఊరగాయ వచ్చింది.

నవంబర్ 14

నగ్మా ఫోన్ చేసింది. నేను మీటింగులో ఉన్నాను. మెసేజ్ పెట్టింది: మేడం పేపర్లో వచ్చాక అందరూ వద్దంటున్నారు. సంఘంలో అడుగుతున్నారు. మా అమ్మ పేపరు దాచిపెట్టింది. మీరొకసారి మాట్లాడండి.

నవంబర్ 15

నగ్మాకి ఫోన్ చెయ్యాలి.

నవంబర్ 16

చెయ్యలేదు.

మూడో రోజు: బొటానికల్ గార్డెన్. ఆ తర్వాత స్టేడియం. స్టేడియం మీద పెద్ద కమాను, దాని పైదాకా తీసుకెళ్ళే పెట్టె ఉంటుందట. ఇప్పుడు నడుస్తోందో లేదో రెండు చోట్ల రెండు రకాలుగా రాశారు. ఇలాంటివి నేరుగా కనుక్కుంటే తప్ప నమ్మకూడదు.

నవంబర్ 18

వేలిముద్రల కోసం హైదరాబాద్. ఫారంలో నా వృత్తి దగ్గర ఏజెంటు ఆగాడు. జర్నలిస్టు అని పెడితే ప్రశ్నలు ఎక్కువ వస్తాయి మేడం, హౌస్‌వైఫ్ అని పెడుతున్నా అన్నాడు. అది కూడా అబద్ధం కాదు. సంతకం పెట్టాను.

తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నారు. నేను చదివి వినిపించిన ప్లానంతా ఆయనకి నోటికి వచ్చేసింది. రెండో రోజు సాయంత్రం ఖాళీగా ఉందని, ఆ రోజు కూడా సముద్రం దగ్గరికే వెళ్దామని అన్నారు. చిన్నప్పుడు కొత్తపట్నం తీసుకెళ్ళమంటే వాళ్ళ నాన్న పొగాకు పని వంకతో ఏటా వాయిదా వేసేవాడట. పెళ్ళయ్యాక నాతోనే మొదటిసారి సముద్రం చూశారు. ఆ సంగతి నాకు ఇవాళే తెలిసింది. ఇన్నేళ్ళలో నేను అడగలేదు.

నార్కట్‌పల్లి దగ్గర టీకి దిగినప్పుడు అన్నారు. "జ్యోతీ, నిన్ను ఎక్కడికీ తీసుకెళ్ళలేదని నాకు ఉంటది. నేనుగా గెలిచింది ఇదొక్కటే."

టీలో చక్కెర ఎక్కువైంది.

నవంబర్ 21

ఏమేం కలిపారో ఇంకా కనుక్కోలేదు. మండల సమావేశం, ధాన్యం కొనుగోలు, చిలకలూరిపేట దగ్గర పత్తి లారీ బోల్తా. పని ఉంది.

నవంబర్ 22

బసవమ్మ కనిపించింది. యలమంద భార్య. ప్రభుత్వాసుపత్రిలో బీపీ మాత్రల వరుసలో నిలబడి ఉంది. నేను వేరే వార్త కోసం వెళ్ళాను. నన్ను చూసి తల తిప్పుకుంది, మళ్ళీ తనే పలకరించింది.

చేను సంగతి అడిగాను. కొత్త ఆకు వేస్తోందట, పూత మాత్రం లేదట. మందు కలిపింది ఎవరని అడిగాను.

"మేమే కలిపాం. కృష్ణ ఇచ్చినయ్యన్నీ. పాలు విరిగినట్టు విరిగిపోయింది డబ్బాలో. ముద్దలు ముద్దలు. ఆ పిల్ల వద్దంది, పైపుల్లో అడ్డం పడుద్దంది. మీ అన్నయ్య తన తువ్వాలు తీసి వడగట్టాడు. వడగట్టి పోశాం."

"వద్దన్నాక ఎందుకు పోశారమ్మా?"

"డాక్టరు చెప్పింది పారబోస్తామా?"

వరుస కదిలింది. ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళింది.

వడగట్టింది ముద్దల్నే. మందు చేలో పడింది.

నవంబర్ 23

ఆయన్ని అడిగాను. పొద్దున గడ్డం గీసుకుంటుంటే.

యలమందకి ఏమేం కలపమన్నారంటే, "మామూలే" అన్నారు. మామూలంటే? పురుగు మందు, నల్లి మందు, తెగులు మందు, బూస్టరు. నాలుగు. డబ్బాల మీద అలా కలపమని రాసి లేదు కదా అన్నాను.

"డబ్బా మీద రాసిందే ఇస్తే రైతు నాలుగుసార్లు కొట్టాలి. ఎవడు కొడతాడు? అద్దంకిలో ఏ షాపుకైనా వెళ్ళు. అందరూ నాలుగు కలుపుతారు. నువ్వు మీ పేపరు బుద్ధి ఇంట్లోకి తేబాక."

అద్దం తుడుచుకుని మళ్ళీ అన్నారు. "నాలుగే."

నవంబర్ 25

వీసాలు వచ్చాయి. ఇద్దరివీ.

నవంబర్ 26

షాపు నుంచి నాలుగు మందులూ తెప్పించాను. వార్త కోసం ఫొటో అని చెప్పాను. మేడ మీద గాజు సీసాలో, డ్రోనుకి పోసినంత చిక్కగా, నాలుగూ కలిపాను. గంటసేపు కూర్చుని చూశాను. మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళి చూశాను.

విరగలేదు. అడుగున కొంచెం పేరుకుంది, కదిపితే కలిసిపోయింది.

బసవమ్మ అబద్ధం చెప్పిందా? చెప్పాల్సిన అవసరం ఆవిడకి లేదు. ట్యాంకులో మిగిలిన కలుపు మందు వల్ల విరిగిందా? విరిగింది డబ్బాలో కదా, ట్యాంకులో పొయ్యకముందే.

ఏదైనా, మా సీసాలో విరగలేదు. కిందికి దిగి వచ్చి నాలుగో రోజు ప్లాను పూర్తి చేశాను. పొద్దున కంపెనీ మీటింగు రెండు గంటలు, వచ్చే సీజను మందుల పరిచయం. మధ్యాహ్నం ఖాళీ. ఆ రోజు ఎవరూ లేకుండా ఇద్దరమే సముద్రం దగ్గరికి వెళ్ళొచ్చు. కాలిబాట మీద బెంచీలు ఉన్నాయి, ఫొటోల్లో చూశాను.

నవంబర్ 27

ప్లాను శుభ్రంగా మళ్ళీ రాశాను. మార్చిందేమీ లేదు.

నవంబర్ 28

నగ్మా మళ్ళీ మెసేజ్. ఆదివారం ఊళ్ళో పెద్దమనుషులు కూర్చుంటారట. డ్రోను అమ్మించి ఆ డబ్బు యలమందకి ఇప్పించాలని బుల్లయ్య గారు అంటున్నారట. మీ పేపరే చూపిస్తున్నారు మేడం, అని రాసింది.

అది నా వార్తే. ప్రశ్నార్థకాన్ని ఎవరూ చదవలేదు.

నవంబర్ 30, ఆదివారం

పాల కేంద్రం ముందు కుర్చీలు వేశారు. పాతికమంది ఉంటారు. నేను ఎప్పటిలాగే పక్కన, గోడ నీడన నిలబడ్డాను. రిపోర్టరు అక్కడే నిలబడాలి. నగ్మా వాళ్ళమ్మ ఖాదర్‌బీని వెంట తెచ్చుకుంది. బుల్లయ్య గారి చేతిలో నవంబర్ ఎనిమిది నాటి పేపరు ఉంది. ముఖ్యమైన చోట పెన్నుతో గీత గీశారు.

ముందు బుల్లయ్య గారే మాట్లాడారు. పిల్ల తప్పు ఒప్పుకున్నట్టు పేపర్లోనే ఉంది, ఇంక వాదన దేనికి అన్నారు. యలమంద నేలచూపులు చూస్తున్నాడు. నగ్మా లేచి, కడగలేదన్నమాట నిజమే గానీ చేను దానివల్ల పోలేదంది. ఎవరో నవ్వారు. నీకేం తెలుసే, నువ్వు శాస్త్రవేత్తవా అన్నారు.

శాస్త్రవేత్త చెప్పిన మాట నా దగ్గర ఇరవై రోజులుగా ఉంది.

గోడ దగ్గర్నించి ముందుకు వచ్చాను. బుల్లయ్య గారు ఫొటో కోసం అనుకుని కుర్చీలో సర్దుకున్నారు. చెప్పదలచుకున్నది క్రమంలో చెప్పాను. ఇది కలుపు మందు వల్ల కాదని శాస్త్రవేత్త అన్నారు. నా వార్త వచ్చాక అన్నారు, నేను రాయలేదు. మందు పొయ్యకముందే విరిగింది, నగ్మా వద్దంది. అన్నీ కలిపి కొట్టమని చెప్పింది మా ఆయన.

పాల క్యాన్లు కడుగుతున్న మనిషి చేతులు ఆపాడు. యలమంద తలెత్తి నన్ను చూశాడు. కోపంగానే చూశాడు.

"నాకు తెలవదా చెల్లెమ్మా? ముద్దలు తేలింది నా కళ్ళ ముందే. నా తువ్వాలే." మీద తువ్వాలు లాగి చూపించాడు. "కృష్ణగాణ్ణి అంటే రేపు పురుగు పడ్డనాడు నాకు మందెవరిస్తారు? పంట ఇంటికొచ్చిందాకా బాకీకి వాడే ఆగుతాడు. ఇంకొకడు ఆగడు. ఈ పిల్లనంటే ఎవరూ అడగరు. నువ్వొచ్చి ఇప్పుడు వాడి పేరు ఎత్తితే నేనేం కావాలి?"

బుల్లయ్య గారు పేపరు మడిచారు. ఆయన ముఖంలో ఆశ్చర్యం లేదు. చుట్టూ చూశాను. ఎవరి ముఖంలోనూ లేదు. ఊరందరికీ తెలుసు. నేను కనుక్కోవాలనుకుంటున్నది వాళ్ళకి మొదటి రోజే తెలుసు.

అప్పుడు నగ్మా అంది. "నేనడుగుతున్నా బాబాయ్. నా డ్రోను ఇచ్చెయ్."

గొంతు పెంచలేదు. యలమంద లుంగీ ముడిలోంచి తాళంచెవి తీసి బసవమ్మకిచ్చాడు. ఆవిడే వెళ్ళి బ్యారన్ తెరిచింది. డ్రోనుకి ఏమీ కాలేదు. బ్యాటరీలు ఉబ్బిపోయాయి, పనికిరావు. తల్లీకూతుళ్ళిద్దరూ చెరోవైపు పట్టుకుని ఆటోలో పెట్టారు. నగ్మా ఎక్కబోతూ ఆగి, పేపర్లో వస్తుందా మేడం అని అడిగింది. వస్తుందన్నాను. పైనే వేస్తారా, ఆ రోజులాగా అంది. అది నా చేతిలో లేదన్నాను.

నాలుగింటికి ఇంటికి వచ్చి రాయడానికి కూర్చున్నాను. ఇలాంటి వార్తల్లో "అద్దంకిలోని ఒక దుకాణదారు" అని రాయడం అలవాటు. అలా రాస్తే అద్దంకిలో ప్రతి షాపు మీదా అనుమానం వస్తుంది, ఏ షాపుకీ నష్టం ఉండదు. షాపు పేరు రాశాను. యజమాని పేరు రాశాను. ఈ రిపోర్టరు భర్త అని కూడా రాశాను, అది దాస్తే మిగతాది ఎవరూ నమ్మరు. మొదటి వార్తలో ఏది వదిలేశానో రాశాను. నాలుగు మందులు కలిపి చూస్తే విరగలేదన్న సంగతి కూడా రాశాను. ఆయనకి అనుకూలమైనది అదొక్కటే.

ఆయన షాపు తొందరగా మూసి వచ్చారు. ఊళ్ళోంచి ఫోన్లు ముందే వెళ్ళాయి. చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, నా ఎదురు కుర్చీలో కూర్చున్నారు. చూపిస్తావా అన్నారు. ల్యాప్‌టాప్ అటు తిప్పాను.

ఆయన ఏదైనా మెల్లగా చదువుతారు, పెదాలు కదుపుతూ. చివరిదాకా చదివారు. మళ్ళీ పైకి వెళ్ళారు.

"ఇది వస్తే కంపెనీ వాళ్ళు మనల్ని రావద్దంటారు."

"అంటారు."

"డీలర్‌షిప్పు కూడా తీసేస్తారేమో."

తెలియదన్నాను. నిజంగానే తెలియదు. తన పేరు తీసెయ్యమని ఆయన అడుగుతారని ఎదురుచూశాను. ఆయన అడగలేదు. కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నారు. గుమ్మంలోంచి వీధి వైపు చూశారు. పత్తి బోరాల లారీ ఒకటి వెళ్ళింది, అది మలుపు తిరిగేదాకా చూశారు.

తర్వాత తెర మీద ఒక చోట వేలు పెట్టారు.

"ఇది తప్పు. నాలుగు కాదు, ఐదు. జిగురు మందు కూడా పొయ్యమన్నా. రెండు పెట్టెలు మిగిలినయ్, వాటికీ పాయింట్లు ఉన్నయ్. అది పోస్తేనే విరుగుద్ది."

నాలుగు కొట్టేసి ఐదు అని దిద్దాను. సీసాలో విరగలేదన్న వాక్యం తీసేశాను. ఆ చోట ఆయన చెప్పిన మాట ఆయన పేరుతోనే పెట్టాను. మళ్ళీ ఒకసారి చదవమన్నాను. చదివారు. ఇప్పుడు సరిగ్గా ఉందన్నారు.

పంపాను.

డిసెంబర్ 1

వచ్చింది. లోపలి పేజీలో, కింద. తప్పులేమీ లేవు.

తొమ్మిదింటికి డర్బన్ గ్రూపులోంచి నా పేరు తీసేశారు. ఆయన షాపు తెరవడానికి వెళ్ళారు. నగ్మా ఫోన్ చేసింది, మొదటి రింగుకే ఎత్తాను.